ఖాళీ గోడ చూడ్డానికి అంత దూరమెందుకు అన్నవాళ్లకి

మన వేసవి టూర్ కమిటీ పెద్దలకు, ముఖ్యంగా లిస్టు తయారుచేసే అన్నయ్యలకీ, ఆ లిస్టులో సగం చివరి నిమిషంలో కొట్టేసే వదినలకీ నమస్కారం.

జులై ట్రిప్‌లోంచి తవుల్, అదే స్పెయిన్ కొండల్లోని ఆ చిన్న ఊరు, తీసేశారని నిన్న రాత్రి చూశాను. పక్కన కారణం కూడా రాశారు. "అక్కడి బొమ్మ బార్సిలోనా మ్యూజియంలోనే ఉంది, అక్కడే చూసేస్తాం. కొండమీద చర్చిలో మిగిలింది ఖాళీ గోడ. గోడ చూడ్డానికి నాలుగు గంటలు కారులో పోవాలా?" అని. దాని బదులు ఔట్‌లెట్ షాపింగ్ పెట్టారు. షాపింగ్ మీద నాకేం కోపం లేదు, నేనూ అక్కడే జాకెట్ కొనుక్కున్నాను. కానీ ఆ "ఖాళీ గోడ" అన్న మాట దగ్గర నాకు నిద్ర పట్టలేదు. గ్రూపులో జవాబు పెడితే తెల్లారేసరికి గుడ్ మార్నింగ్ పూలబొమ్మల కింద కొట్టుకుపోతుంది, అందుకే అందరూ చదివేలా ఇలా బహిరంగంగా రాస్తున్నా. కాస్త పొడుగైంది, టీ పెట్టుకుని కూర్చోండి.

ముందు ఒకటి ఒప్పుకుంటా. మీరన్నదాంట్లో అబద్ధం లేదు. తవుల్ ఊళ్లో సాంట్ క్లిమెంట్ చర్చి బలిపీఠం వెనక, అర్ధచంద్రాకారంగా వంగిన గోడ మీద 900 ఏళ్ల కింద వేసిన క్రీస్తు బొమ్మ ఇప్పుడా గోడ మీద లేదు. బార్సిలోనాలో మోంజుయిక్ గుట్ట మీదున్న కాటలోనియా జాతీయ కళా మ్యూజియంలో ఉంది. నేను కూడా మొదట అక్కడే చూశాను, రెండేళ్ల కింద, బయట ఎండకి తాళలేక ఏసీ కోసం లోపలికి దూరినరోజు. దాదాపు ఆరు మీటర్ల ఎత్తు, నీలం, ఎరుపు, పసుపు. కోలమొహం, జుట్టు, గడ్డం, కనుబొమలు అన్నీ అటూ ఇటూ సమానంగా, స్కేలు పెట్టి గీసినట్టు. చేతిలో తెరిచిన పుస్తకం, దానిమీద లాటిన్‌లో ఒక్క వాక్యం: "నేను లోకమునకు వెలుగును." ఈ రకం బొమ్మని పాంటోక్రేటర్ అంటారు. తెలుగు బైబిల్ ప్రకటన గ్రంథంలో "సర్వాధికారి" అని ఉంటుందే, అదే మాట. మన గ్రూపులో గుంటూరు వైపు క్యాథలిక్ కుటుంబాలున్నాయి కదా, వాళ్లకి నేను చెప్పక్కర్లేదు.

చాలాసేపు చూశాక ఊరికే పక్కకి నడిచి ఆ బొమ్మ వెనక్కి వెళ్లాను. వెనక చెక్క బద్దలు. బోర్లించిన పడవ లోపలిభాగంలా వంచి, మేకులు కొట్టి, దానికి బొమ్మని అంటించారు. ముందు చూస్తే దేవుడు, వెనక చూస్తే వడ్రంగి పని. అప్పుడే నాకు మొదటిసారి అనిపించింది, ఇది ఒకప్పుడు ఒక గోడ కదా, ఆ గోడ ఏమైంది అని. అదే ఏడాది సెప్టెంబర్‌లో వెళ్లాను. తర్వాత ఇంకో రెండుసార్లు. ఒకసారి అమ్మని కూడా తీసుకెళ్లా, ఆవిడ మాట చివర్లో చెప్తా.

దారి సంగతి. బార్సిలోనా నుంచి లేయిదా దాటి, పోంట్ దె సువేర్ట్ అనే చిన్న టౌన్ దాకా మామూలు రోడ్డే. అక్కడినుంచి నొగేరా దె తోర్ అనే ఏరు పక్కన లోయలోకి మళ్లుతారు. ఇది పిరనీస్ కొండల్లో బొయీ లోయ. ఏటి ఒడ్డునా, కొండ వాలు మీదా చిన్న చిన్న ఊళ్లు: కోల్, కార్దెట్, బరుయెరా, దుర్రో, ఎరిల్, బొయీ, అన్నిటికన్నా పైన 1,500 మీటర్ల ఎత్తులో తవుల్. దాదాపు ప్రతి ఊరికీ ఒక పాత రాతి చర్చి. ఈ లోయలో తొమ్మిదింటిని కలిపి 2000లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో పెట్టింది. ఆఖరి మలుపు తిరిగాక మొదట కనబడేది ఊరు కాదు, ఊరి అంచున గడ్డిభూమిలో ఒక్కటే నిలబడ్డ గంట గోపురం.

ఆ గోపురం గురించి కొంచెం ఎక్కువ చెప్తాను, ఏమనుకోవద్దు. మనం గోపురం అనగానే కింద వెడల్పుగా పైకి సన్నంగా, ఒళ్లంతా బొమ్మలతో ఊహించుకుంటాం. ఇది నలుచదరంగా, కింద ఎంతో పైనా అంతే వెడల్పుతో, దిమ్మ మీద ఆరంతస్తులు నిటారుగా లేచి పోతుంది. చర్చి ఆగ్నేయమూలని ఆనుకుని ఉంటుంది (ఆగ్నేయంలో పొయ్యి ఉండాలంటారు మనవాళ్లు, వీళ్లు గంట పెట్టారు). శిల్పం అన్నది ఒక్కటి లేదు. అయినా కళ్లు తిప్పుకోలేం. ఎందుకో తెలుసుకోడానికి నాకు రెండో ప్రయాణం పట్టింది. రహస్యం నీడల్లో ఉంది. గోడ మీద సన్నటి నిలువు పట్టీలు కొద్దిగా ముందుకి పొడుచుకొచ్చి ఉంటాయి, ప్రతి అంతస్తు పైనా ఆ పట్టీల తలల్ని కలుపుతూ చిన్న చిన్న గుడ్డి కమానులు, అంటే లోపలికి దారిలేని కమానులు, వాటిమీద రంపపు పళ్లలా మూలలు బయటికి పెట్టిన రాళ్ల వరస. ఎండ కదిలేకొద్దీ ఈ పళ్ల నీడలు సాగుతాయి, ముడుచుకుంటాయి. పొద్దున ఒక గోపురం, సాయంత్రం ఇంకోటి. కిటికీలు కింద తక్కువ, పైకి వెళ్లేకొద్దీ రెండేసి, ఒక అంతస్తులో మూడేసి, మధ్యలో సన్నటి రాతి స్తంభాలతో. దానివల్ల బరువంతా కిందే ఆగిపోయి పైభాగం గాలిలో తేలుతున్నట్టుంటుంది. లోపల మెట్లెక్కి పైదాకా వెళ్లనిస్తారు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు వద్దు, మిగతావాళ్లు తప్పకుండా ఎక్కండి. అక్కడినుంచి కిందున్న ఊళ్ల గోపురాలు కనబడతాయి. ఫోన్లు లేని కాలంలో ఇక్కడ గంట కొడితే అక్కడ తెలిసేది. నిప్పంటుకున్నా, శత్రువొచ్చినా, మనిషి పోయినా.

ఈ కట్టుబడి పద్ధతి ఇటలీ ఉత్తరాన లొంబార్దీ నుంచి వచ్చింది. రాయిని పెద్దపెద్ద దిమ్మలుగా కాకుండా, సుత్తితో కొట్టి ఇటుకల సైజుకి తెచ్చి, వరసలు వరసలుగా పేర్చడం. అసలు సంగతేంటంటే, ఇవి కట్టేనాటికి మిగతా చోట్ల ఆ పద్ధతి పాతబడింది, శిల్పాలు చెక్కిన స్తంభాలూ ద్వారాలూ వచ్చేశాయి. ఈ కొండవాళ్లు మాత్రం తమకొచ్చిందే కడుతూ పోయారు. వెనకబడ్డారనుకోవచ్చు. నాకైతే అలా అనిపించదు, మంచులో నిలబడాల్సిన గోడకి పూలు చెక్కించుకోవడం కన్నా వాళ్లకి వేరే పనులున్నాయి.

ఇక లోపలికి రండి. మూడు నడవలు, వాటి చివర మూడు అర్ధచంద్రపు గోడలు, మధ్యది పెద్దది. నడవల్ని విడదీస్తూ గుండ్రటి లావుపాటి రాతిస్తంభాలు, అటు మూడు, ఇటు మూడు. ఒక్క రాయి నుంచి చెక్కినవి కావు, చిన్నరాళ్లు పేర్చి గుండ్రంగా కట్టినవి. తలల మీద చెక్కడపు పని లేదు. పైకప్పు చెక్క దూలాలతో రెండువైపులా వాలుగా, దానిమీద నల్లటి పలకరాయి, బడిలో మనం రాసుకున్న పలక ఉందే, ఆ జాతి రాయి. మంచు జారిపోడానికి ఆ వాలు.

ఇప్పుడు ఆ స్తంభాల్లో ఒకదాని సంగతి. మనకి గుడి స్తంభం మీద శాసనం కొత్త కాదు కదా. ఇక్కడ కూడా ఒకటుండేది, చెక్కింది కాదు, రంగుతో రాసింది. అది కూడా ఇప్పుడు మ్యూజియంలోనే ఉందనుకోండి. 1123 డిసెంబర్ 10న బిషప్ రమోన్ ఈ పునీత (సెయింట్) క్లెమెంట్ చర్చికి వచ్చి, పునీత కొర్నేలి అవశేషాలు ఉంచి ప్రతిష్ఠ చేశాడు అని దాని సారాంశం. మధ్యయుగపు పల్లెటూరి చర్చికి సంవత్సరం కాదు, ఏకంగా తేదీ దొరకడం అన్నది అరుదు. అంతకన్నా విచిత్రం, మర్నాడే, డిసెంబర్ 11న, అదే బిషప్ అదే ఊళ్లో ఇంకో చర్చిని, సాంటా మరియాని, ప్రతిష్ఠించాడు. అది ఊరి మధ్యలో ఉంది, నడిస్తే అయిదారు నిమిషాలు. డిసెంబర్‌లో ఆ కొండమీద చలి ఎలా ఉంటుందో ఊహించండి, ఆ ముసలాయన గాడిదో గుర్రమో ఎక్కి వచ్చి రెండ్రోజులు ఉండి రెండు చర్చిలు ప్రతిష్ఠ చేసి పోయాడు. ఇంత చిన్న ఊరికి రెండు చర్చిలేంటి, రెండ్రోజుల్లో ఏంటి?

దీనికి చరిత్రకారులు చెప్పేవి రెండు కారణాలు. ఒకటి డబ్బు. ఈ లోయ ఎరిల్ ప్రభువుల చేతిలో ఉండేది. వాళ్లు అరగాన్ రాజు మొదటి అల్ఫోన్సో వెంట దక్షిణాన ముస్లిం రాజ్యాల మీద యుద్ధాలకు వెళ్లారు. 1118లో సరగోసా నగరం అల్ఫోన్సో చేతికి చిక్కింది. ఆ యుద్ధాల్లో వచ్చిన సొమ్ములో కొంత ఈ రాళ్లుగా మారింది. రెండోది తగాదా. ఈ ఊళ్లు మావంటే మావని ఉర్జెల్ బిషప్పూ రోదా బిషప్పూ కొట్టుకుంటున్నారు. మన రమోనే ఆ రోదా బిషప్పు. వివాదంలో ఉన్న పొలానికి ముందుగా కంచె వేసేస్తారు చూశారా, నాకైతే ఆ వరస ప్రతిష్ఠలు అలాగే కనబడతాయి. దేవుడి పేరు మీద కబ్జా అనను గానీ, ఆయన తొందర మాత్రం నాకర్థమైంది.

తర్వాత ఏమైంది? పెద్దగా ఏమీ కాలేదు, అదే ఈ లోయ అదృష్టం. మార్గాలు మారాయి, సొమ్ము రావడం ఆగింది, లోయ పేదదైంది. మిగతా యూరప్‌లో ప్రతి మూడొందల ఏళ్లకోసారి చర్చి పడగొట్టి కొత్త ఫ్యాషన్‌లో కట్టుకున్నారు. వీళ్ల దగ్గర అంత డబ్బు లేదు. మహా అయితే ఒక గోడకి సున్నం కొట్టారు, బలిపీఠం వెనక ఒక పెద్ద చెక్క పటం నిలబెట్టారు. ఆ చెక్కపటం వెనకే సర్వాధికారి కొన్ని వందల ఏళ్లు ఊరివాళ్ల కంటికి పూర్తిగా ఆనకుండా కూర్చున్నాడు.

ఇప్పుడు 1907. బార్సిలోనా నుంచి ఒక బృందం ఈ కొండల్లోకి వచ్చింది. నాయకుడు జుజెప్ పుచ్ ఇ కదఫాల్క్, పేరున్న ఆర్కిటెక్ట్. వెంట ఫొటోలు తీయడానికి అదొల్ఫ్ మాస్. అప్పటికి కార్లు వెళ్లే రోడ్డు లేదు, కంచర గాడిదల మీద ప్రయాణం. కాటలన్ జాతి, అంటే బార్సిలోనా చుట్టూ ఉన్న కాటలోనియా ప్రాంతంవాళ్లు, తన కళ ఏదో వెతుక్కోవాలన్న ఊపు మీదున్న రోజులవి. చెక్క పటాల వెనకా, సున్నం కిందా, పైకప్పు చీకట్లోనూ బొమ్మలు చూసి వాళ్లకి మతిపోయింది. కాగితం మీద నకళ్లు తీయించారు, పుస్తకాలు వేశారు. అంతా మంచిదే. కానీ పుస్తకం అచ్చయ్యాక దాన్ని చదివేది పండితులే కాదుగా, వ్యాపారులు కూడా చదువుతారు.

1919లో బయటపడింది. సాంటా మరియా దె ముర్ అని ఇదే లేయిదా జిల్లాలో ఇంకో కొండ చర్చి ఉంది. దాని గోడ మీది బొమ్మని ఇటలీ నుంచి రప్పించిన పనివాళ్లతో ఒలిపించి పట్టుకుపోతున్నారు. డబ్బిచ్చి కొన్నారు, దొంగతనం కాదు. అది 1921లో అమెరికాలో బోస్టన్ మ్యూజియానికి చేరింది, ఇప్పటికీ అక్కడే ఉంది. బార్సిలోనా మ్యూజియం బోర్డు వాళ్ల గుండె జారిపోయింది. మిగతావి కూడా ఇలాగే ఓడెక్కుతాయని, మేమే కొంటాం, మేమే ఒలిపిస్తాం అని దిగారు. 1919 నుంచి 1923 దాకా కొండకొండా తిరిగి ఒలిపించారు. ఒలిచిందెవరో తెలుసా? ముర్‌లో వ్యాపారి కోసం పనిచేసిన ఇటలీవాళ్లే, ఫ్రాంకో స్టెఫనోని బృందం. ఆ విద్య వచ్చినవాళ్లు అప్పట్లో చాలా తక్కువ మరి. తాళం పగలగొట్టినవాడినే పిలిచి మిగతా తాళాలన్నీ జాగ్రత్తగా తీయించుకున్నట్టయింది.

ఆ ఒలవడం ఎలాగో నాకు చాలా ఆసక్తి, మీకు విసుగైతే ఈ పేరా దాటేయండి. స్ట్రాప్పో అంటారు, ఇటాలియన్‌లో లాగి పీకడం అని. బొమ్మ మీద పలచటి నూలుగుడ్డలు పరిచి జంతువుల ఎముకల నుంచీ చర్మాల నుంచీ తీసిన జిగురు వేడివేడిగా పూస్తారు. ఆరేటప్పుడు ఆ జిగురు ముడుచుకుంటూ రంగు పొరని పట్టేసుకుంటుంది. పూర్తిగా ఆరాక గుడ్డని అంచు నుంచి ఉలితో లేపుతూ లాగుతారు. గుడ్డతో పాటు రంగు, వెనక గీకినంత సున్నం వస్తుంది. పుండుకి అంటుకున్న కట్టు లాగినట్టే. దాన్ని చాపలా చుట్టి కంచర గాడిద మీద కిందికి దించారు. బార్సిలోనాలో వెనకవైపు కొత్త గుడ్డ అంటించి, ముందువైపు జిగురుని వేడినీళ్లతో కరిగించి గుడ్డ తీసేస్తే బొమ్మ మళ్లీ బయటపడుతుంది. ఆ తర్వాతే నేను చూసిన పడవ చెక్కలు.

మరి అలా చేయడం తప్పా ఒప్పా? ఈ మాట మీద నేనూ మా ఆఫీసులో ఒక కాటలన్ అబ్బాయీ పోట్లాడుకున్నాం. తీసుకెళ్లకపోతే అన్నీ బోస్టన్‌లోనో న్యూయార్క్‌లోనో ఉండేవి అంటాడు వాడు. 1936లో అంతర్యుద్ధం మొదలై చర్చిలు తగలబడినప్పుడు చాలా పోయేవి అని కూడా అంటాడు, అదీ నిజమే. అయినా ఊరు వదిలి పోవాల్సింది దేవుడేనా అన్నది నాకు గొంతులో ముల్లులా ఉండిపోయింది. ఇక్కడే మీ ఖాళీగోడ దగ్గరికొస్తాం.

స్ట్రాప్పోలో పైపొర వస్తుంది గానీ అంతా రాదు. సున్నంలోకి లోతుగా ఇంకిన రంగు గోడలోనే ఉండిపోతుంది. బట్ట మీద టీ మరక ఉతికినా పోనట్టు. తవుల్ గోడకి తర్వాత ఒక నకలు బొమ్మ పెట్టారు, దాదాపు యాభై ఏళ్లు వచ్చినవాళ్లంతా ఆ నకలు చూసి ఫొటోలు తీసుకుని వెళ్లిపోయారు. చివరికి దాన్ని తీసేశారు. దానికింద పాత గోడ, దానిమీద అసలు బొమ్మ వదిలిపోయిన జాడలు. అంతేకాదు, ఒలిచేవాళ్ల కంట పడకుండా సున్నం కింద ఉండిపోయిన అసలు ముక్కలు కూడా బయటపడ్డాయి, అందులో ఒకటి బైబిల్లో అన్న కయీను తమ్ముడు హేబెలుని చంపే దృశ్యం. అది ఇప్పటికీ అక్కడే, ఆ గోడమీదే ఉంది. మ్యూజియంలో లేదు, బోస్టన్‌లో లేదు. కాబట్టి అన్నయ్యా, మీరు రాసిన "ఖాళీ" అన్న మాట లెక్కప్రకారం కూడా తప్పు.

2013 చివర్లో ఆ గోడ మీదికి కాంతి తెచ్చారు. ప్రొజెక్టర్లు పెట్టి, పది నిమిషాల పాటు 1123లో ఆ గోడ ఎలా ఉండేదో, గీత గీతగా, రంగు రంగుగా వేసి చూపిస్తారు. రోజులో చాలాసార్లు. సినిమా అనుకోకండి, మాటలు లేవు. చీకట్లో ఒక ఎర్ర గీత మొదలవుతుంది, వంపు తిరుగుతుంది, మోకాలవుతుంది, వస్త్రం మడతవుతుంది. తర్వాత నీలం నిండుతుంది. ఆ నీలం గురించి ఒక్క ముక్క: అది ఎక్కడో దూరదేశం నుంచి తెచ్చిన ఖరీదైన నీలం కాదు, ఏరినైట్ అని ఈ పిరనీస్ కొండల్లోనే దొరికే రాయిని నూరి తీసింది. కొండ రాయితో గోడ, కొండ రాయితో రంగు. చివర్లో మొత్తం గోడా, కమానులూ రంగులతో నిండిపోయి కాసేపు అలాగే ఉంటుంది, "నేను లోకమునకు వెలుగును" అన్న పుస్తకంతో సహా. తర్వాత లైటు ఆగిపోతుంది. మళ్లీ గోడ. ఈసారి ఆ గోడమీద మరకలన్నీ ఏమిటో మీకు తెలుసు, ఇది భుజం, ఇది రెక్క అంచు అని వెతుక్కుంటారు. ఇది మ్యూజియంలో జరగదు. నకలు ఉన్న రోజుల్లోనూ జరిగుండదు.

బొమ్మలో నాకు ఇష్టమైన ముక్క సర్వాధికారి కాదు, కమాను పక్కన లాజరు. ధనవంతుడి గుమ్మం ముందు కూర్చున్న బీదవాడు, ఒళ్లంతా పుళ్లు, కుక్క వచ్చి ఆ పుళ్లు నాకుతుంటుంది. మ్యూజియంలో దాన్ని చూస్తే అందమైన బొమ్మ, కుక్క మెడ వంపు భలే వేశాడు అనుకుంటాం. తవుల్‌లో నిలబడి చూస్తే వేరు. డబ్బున్న ప్రభువు కట్టించిన చర్చిలో, ఆ ప్రభువు కూడా వచ్చి నిలబడే చోట, గుమ్మం బయటి బీదవాణ్ణి వేశారన్నమాట. ఎవరు వేయమన్నారో, ఎవరికి తగలాలని వేశారో. వేసినాయన పేరు కూడా ఎవరికీ తెలీదు, తవుల్ మాస్టర్ అంటారంతే.

బొమ్మల్ని విడదీస్తే ఏమవుతుందో చూడాలంటే కింద ఎరిల్ ఊళ్లో ఆగండి. అక్కడ సిలువ మీంచి క్రీస్తుని దించుతున్నట్టు చెక్కతో చేసిన ఏడు బొమ్మలుండేవి. 1907 బృందానికే దొరికాయవి. ఇప్పుడు క్రీస్తు తల్లి మరియమ్మ, శిష్యుడు యోహాను బార్సిలోనాలో, క్రీస్తుతో కలిపి మిగతా అయిదుగురు విక్ అనే ఊరి మ్యూజియంలో. తల్లి ఒక ఊళ్లో, కొడుకు ఇంకో ఊళ్లో. ఎరిల్‌లో ఉన్నవి నకళ్లు. ఆ చర్చి గోపురం మాత్రం నకలు కాదు, తవుల్ గోపురానికి అన్నదమ్ములా ఉంటుంది.

పోయినేడాది మనమందరం లండన్‌లో బ్రిటిష్ మ్యూజియంకి వెళ్లాం గుర్తుందా? అమరావతి పలకల ముందు గంటన్నర నిలబడ్డాం, పిల్లలు ఆకలని ఏడ్చినా కదల్లేదు. 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించి మద్రాసు పంపినవి, అక్కడినుంచి 1859లో లండన్ చేరినవి. ఆ రోజు బయటికొస్తూ మీలోనే ఒకరన్నారు, "ఈసారి ఇండియా వెళ్తే అమరావతి వెళ్లాలి, అక్కడ దిబ్బే మిగిలినా సరే" అని. దిబ్బే మిగిలినా సరే అన్న మనిషే నిన్న ఖాళీ గోడ ఎందుకు అని రాశారు. పేరు చెప్పనులెండి.

సరే, అసలు పని సంగతి. నేను అడిగేది మ్యూజియం తీసేయమని కాదు. మొదటిరోజు మ్యూజియంలో బొమ్మ చూద్దాం, రెండోరోజు గోడ దగ్గరికి పోదాం, ఈ వరస మాత్రం మార్చొద్దు. ఒక్క రాత్రి అక్కడ ఉండాలి, ఒక్కరోజులో వెళ్లొచ్చేద్దాం అంటే డ్రైవింగ్‌కే సరిపోతుంది, అందరూ నన్ను తిడతారు. తవుల్‌లోనే చిన్న చిన్న హోటళ్లున్నాయి. శీతాకాలం మంచు ఆటలకి వచ్చేవాళ్ల కోసం కట్టుకున్నవి, వేసవిలో గదులు కాస్త సులువుగా దొరుకుతాయి. పిల్లలకి చర్చిలు విసుగంటారా, పక్కనే ఐగెస్తోర్తెస్ జాతీయ పార్కు ఉంది, చెరువులు, ఏళ్లు, ఆవులు.

ఇంకోటి. జూన్ మధ్య నుంచి జులై దాకా ఈ లోయలో ఒక్కో ఊళ్లో ఒక్కో రాత్రి ఫాలెస్ అని చేస్తారు. చీకటి పడ్డాక కొండ మీంచి ఊరివాళ్లు వెలిగించిన పెద్ద పెద్ద కాగడాలు భుజాన వేసుకుని వరసగా దిగుతారు, కింద ఊళ్లో మంట చుట్టూ ఆట. దూరం నుంచి చూస్తే కొండ మీద నిప్పు పాము జారుతున్నట్టుంటుంది. పిరనీస్‌లో ఈ పండగల్ని 2015లో యునెస్కో గుర్తించింది. మన తేదీల్ని రెండ్రోజులు అటూ ఇటూ జరిపితే ఏదో ఒక ఊళ్లోది దొరకొచ్చు, నేను కనుక్కుంటాను. నిప్పు రవ్వలు పడతాయి, నైలాన్ చీరలూ సిల్కు చున్నీలూ మాత్రం వద్దు వదినా, ముందే చెప్తున్నా.

తిండి గురించి మీ టెన్షన్ నాకు తెలుసు. మాంసం తినేవాళ్లకి ఏ ఇబ్బందీ లేదు. తిననివాళ్లు ఇద్దరున్నారు కాబట్టి రైస్ కుక్కరు నా కారులో వేస్తా, పప్పు పొడులూ ఆవకాయా ఎవరు తెస్తారో చెప్పండి. జులైలో కూడా రాత్రి చలేస్తుంది, స్వెటర్లు మర్చిపోవద్దు.

అమ్మ మాట చెప్తానన్నా కదా. ప్రొజెక్షన్ అయిపోయి లైట్లు ఆగాక అందరూ లేచి బయటికి పోతున్నారు, అమ్మ కూర్చునే ఉంది. పోదామా అన్నాను. "ఉండరా, ఆయనిప్పుడే కదా వెళ్లింది" అంది. మళ్లీ వేసేదాకా కూర్చున్నాం.

శుక్రవారం లోపు ఎంతమందో చెప్తే నాలుగు గదులు బుక్ చేస్తాను. ఔట్‌లెట్ షాపింగ్ తిరుగు ప్రయాణంలో పెట్టుకోవచ్చు, దారిలోకి తేవడం నా పూచీ.